ఆట ఆగుతుంది, అట్టు ఆగదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం కొత్త గేమ్‌ల గురించి, సగం తిండి కోసం ఆసియా దేశాలు తిరగడం గురించి ఉన్నాయి. రెండూ ఒకే ఉత్తరంలో కలిపేసినవాళ్లూ ఉన్నారు, అంటే నా జాతి వాళ్లన్నమాట. చాలామంది పేరు వేయొద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. 2026 నవంబర్ రెండో సగంలో జపాన్ వెళ్దామని ఏడాదిగా డబ్బు దాచి టికెట్లు కూడా కొన్నాం. ఇప్పుడు జీటీఏ 6 అనే గేమ్ నవంబర్ 19న వస్తుందంటున్నారు. మాలో ఇద్దరు ట్రిప్ వాయిదా వేద్దామని పట్టుబడుతున్నారు. పదమూడేళ్లు ఎదురుచూశాం, మొదటి రోజే ఆడకపోతే స్పాయిలర్లు, అంటే కథ ముందే చెప్పేసే పోస్టులు, చూసేయాల్సి వస్తుందని వాళ్ల బాధ. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. టికెట్లు కొన్నాక ఇంకా చర్చ ఏమిటి?

ముందు ఆ తేదీ సంగతి చూద్దాం. మొదట 2025 అన్నారు. తర్వాత 2026 మే 26 అన్నారు. అదీ దాటించి నవంబర్ 19 దగ్గర ఆపారు. నేను ఇది రాసేనాటికి అదే తేదీ, మీరు చదివేనాటికి ఏమవుతుందో ఆ చేసేవాళ్లకే తెలియాలి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా రాని గేమ్ కోసం చేతిలో ఉన్న టికెట్లు వదులుకుంటారా? వాళ్లు తేదీ మారిస్తే మీకు పైసా ఇవ్వరు, మీరు టికెట్ తేదీ మారిస్తే మాత్రం డబ్బు కట్టాలి.

సరే, చెప్పిన రోజుకే వచ్చిందనుకోండి. ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మలేషియాలోని పినాంగ్ వెళ్లాను, జార్జ్‌టౌన్‌లో వారం రోజులు ఉండి కనిపించిందల్లా తినాలని ప్లాన్. నేను ఎప్పటినుంచో కాచుకుని కూర్చున్న గేమ్ ఒకటి సరిగ్గా ఆ వారం చివర్లోనే రిలీజ్ అయింది, నేనేమో బుద్ధి లేక లాప్‌టాప్ మోసుకెళ్లాను. హోటల్ కింద సందులో ఒక పెద్దాయన బొగ్గుల పొయ్యి మీద చార్ క్వే టియావ్ వేసేవాడు, అంటే వెడల్పాటి బియ్యపు నూడుల్స్, రొయ్యలు, గుడ్డు, మొలకలు కలిపి పెద్ద మంట మీద గబగబా వేయించేది, ఒక్కో ప్లేటు విడిగా. ఆ పొగ వాసన మూడో అంతస్తులోని నా గదిలోకి వచ్చేది. ఆ సాయంత్రం దిగుదామనుకుంటూనే డౌన్‌లోడ్ 58 శాతం దగ్గర ఉంది కదా, ఇంకాసేపు చూద్దాం అని కూర్చున్నాను, అది 60 అయింది, 63 అయింది, హోటల్ వైఫై సంగతి తెలిసిందేగా. చివరికి తొమ్మిదింటికి కిందికి దిగితే ఆయన పెనం కడుగుతున్నాడు. మర్నాడు ఆయనకి సెలవు. ఆ మర్నాడు నా విమానం. ఇక గేమ్ విషయానికొస్తే, అది ఆ రాత్రి రెండుసార్లు క్రాష్ అయింది, ఐదు రోజుల తర్వాత ఆ తప్పులు సరిచేసే ప్యాచ్ వచ్చింది, అప్పటికి నేను ఇంట్లో ఉన్నాను. ఆ గేమ్ ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది, ఎప్పుడు తెరిస్తే అప్పుడు పలుకుతుంది. ఆ ప్లేటు మాత్రం ఇప్పటిదాకా తినలేదు.

అప్పటినుంచి నాదొకటే లెక్క. ఆట ఆగుతుంది, అట్టు ఆగదు. ఆలస్యం అమృతం విషం అనే మాట తిండికి అక్షరాలా సరిపోతుంది, గేమ్‌కి వచ్చేసరికి తిరగబడుతుంది. సైబర్‌పంక్ 2077 అనే గేమ్ చూడండి. 2012లో చేస్తున్నామన్నారు, 2020లోనే మూడుసార్లు తేదీ మార్చారు, చివరికి డిసెంబర్ 10న వదిలితే పాత కన్సోళ్ల మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ స్టోర్ నుంచే తీసేశారు, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. అదే గేమ్‌ని 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాక మొదలుపెట్టినవాడు తక్కువ ధరకి ఎంతో మంచి గేమ్ ఆడాడు. మొదటి రోజు కొన్నవాడికి మిగిలింది ఫ్రెండ్స్‌కి చెప్పుకోవడానికి కొన్ని బగ్గుల కథలు.

అన్నీ అలా ఉండవనుకోండి. సిల్క్‌సాంగ్ అనే గేమ్‌ని ఆస్ట్రేలియాలో ఒక చిన్న టీమ్ 2019లో ప్రకటించి 2025 సెప్టెంబర్ 4న వదిలింది, వచ్చిన రోజే చక్కగా ఉంది. అయినా ఆ గంటకి అందరూ ఒకేసారి ఎగబడటంతో గేమ్‌లమ్మే ఆన్‌లైన్ స్టోర్లే కూలబడ్డాయి, ఆరేళ్లు ఆగినవాళ్లు ఇంకో రెండు మూడు గంటలు కూడా ఆగారు. ఏమైనా చచ్చిపోయారా?

మీరు వెళ్లే నవంబర్‌లో ఒసాకా పక్కన మినో అనే చోట ఎర్రబడిన మేపుల్ ఆకుల్ని బజ్జీలు వేస్తారు. నిజంగానే ఆకులు. ఏరిన ఆకుల్ని దాదాపు ఏడాదిపాటు ఉప్పులో ఊరబెట్టి, తర్వాత తీపి పిండిలో నువ్వులు కలిపి ముంచి కరకరలాడేలా వేయిస్తారు. రుచి ఆకుది కాదు పిండిది, అది ముందే చెప్తున్నా, కానీ జలపాతం దాకా నడుస్తూ కాగితం సంచీలోంచి ఒక్కోటీ తీసి నమలడం బాగుంటుంది. చలి మొదలవుతుంది కాబట్టి కాల్చిన చిలగడదుంపలు, కన్వీనియెన్స్ షాపుల్లో చారులో ముక్కలు వేసి ఉడికించే ఓదెన్ కూడా దొరుకుతాయి.

ఇంకో పనికొచ్చే మాట. జపాన్‌లో టూరిస్టులకి ఇప్పటిదాకా షాపులోనే 10 శాతం టాక్స్ మినహాయించేవారు, 2026 నవంబర్ 1 నుంచి ఆ పద్ధతి మారుతోంది. ముందు టాక్స్‌తో సహా కట్టి, దేశం వదిలేటప్పుడు కస్టమ్స్ దగ్గర చూపించి డబ్బు వెనక్కి తీసుకోవాలి. మీరు సరిగ్గా అప్పుడే వెళ్తున్నారు, రసీదులు పారేయకండి, వెళ్లేరోజు ఎయిర్‌పోర్టుకి కాస్త ముందుగా చేరండి. స్పాయిలర్ల భయానికి మందు ఫోన్‌లోనే ఉంది, ఆ పేరున్న పోస్టులు మ్యూట్ చేసుకోండి. నలుగురూ కలిసి ప్రమాణం చేసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే స్పాయిలర్ ఎప్పుడూ పక్క మంచం మీది స్నేహితుడి నుంచే వస్తుంది.

ప్రశ్న: నాకు యాకుజా గేమ్‌లంటే పిచ్చి. అందులో ఒసాకా వీధి ఒకటి ఉంటుంది కదా, అది కళ్లారా చూడాలని ఉంది. అమ్మ కూడా వస్తానంటోంది. మేం గుడ్డు కూడా తినం. అక్కడ ఆకలితో మాడిపోతామా?

జవాబు: మాడిపోరు తల్లీ, కానీ గేమ్‌లో తిన్నట్టు మాత్రం తినలేరు.

గేమ్‌లో సోతెన్‌బోరి అని పెట్టింది అసలు దోతోన్‌బోరి. వంతెన, కాలువ, రెండు గట్ల మీద నియాన్ బోర్డులు, మొదటిసారి వెళ్లినప్పుడు నేను మ్యాప్ తీయకుండానే మలుపులు తిరిగేశాను, ఆడి ఆడి కాళ్లకి తెలిసిపోయింది. ఆ గేమ్‌లో హోటల్లోకి దూరి మెనూలో ఉన్నవన్నీ ఒక్కోటీ తింటూ పోతే పాయింట్లు వస్తాయి, ఒంటికి తగిలిన దెబ్బలు మానిపోతాయి. అసలు వీధిలో ఆ లెక్క వేస్తే రెండో హోటల్‌కే పొట్ట పగులుతుంది.

మీ ఇబ్బంది మాంసంతో కాదు, దషితో. ఎండబెట్టిన బోనిటో చేప తురుము, కొంబు అనే సముద్రపు పాచి ఉడికించి తీసే చారు అది. సూప్‌లో ఉంటుంది, నూడుల్స్‌లో ఉంటుంది, కూరగాయలు ఉడికించిన నీళ్లలో ఉంటుంది, సాస్‌లో ఉంటుంది. తకోయాకి చూడగానే మీ అమ్మగారు గుంట పొంగనాలు అంటారు, పెనం అచ్చం అదే, తిప్పే పుల్ల కూడా అదే. ఆక్టోపస్ ముక్క వద్దని చెప్పినా పిండిలోనే గుడ్డు, దషి కలిసి ఉంటాయి. "వెజిటేరియన్" అంటే వాళ్లకి మాంసం ముక్కలు కనబడకూడదన్న అర్థమే తడుతుంది చాలాసార్లు, పాపం అబద్ధమాడాలని కాదు. అందుకే "దషి కూడా వద్దు, గుడ్డు కూడా వద్దు" అని జపనీస్‌లో రాయించుకున్న చీటీ దగ్గర పెట్టుకోండి.

దానికంటే మంచి దారి ఇంకొకటి ఉంది. ఆ దోతోన్‌బోరి పక్కనే ఉన్న నంబా స్టేషన్‌లో నంకాయ్ రైలెక్కితే, చివర కేబుల్ కారుతో కలిపి రెండు గంటల చిల్లరలో కోయసాన్ చేరతారు. కొండమీద బౌద్ధ మఠాలు, రాత్రి అక్కడే బస ఇస్తారు. షోజిన్ ర్యోరి అనే మఠం భోజనం పెడతారు, మాంసం చేపలే కాదు ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు, చారు కొంబుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. గోమా దోఫు అని ఒకటి పెడతారు, పేరులో టోఫు ఉన్నా సోయా ఉండదు, నువ్వుల ముద్దని కుజు అనే దుంప పిండితో గడ్డ కట్టిస్తారు, నాలుక మీద పెడితే జున్నులా జారిపోతుంది. మీ అమ్మగారు దీని గురించి ఊరంతా చెప్తారు, నాదీ హామీ. రాత్రి దోతోన్‌బోరిలో మీ ఆట, మర్నాడు కొండమీద ఆవిడ భోజనం, ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

శాకాహారమే మొదటి షరతు అయితే ఇంకో ట్రిప్‌కి తైవాన్ పెట్టుకోండి. అక్కడ బౌద్ధ శాకాహారం అంటే అందరికీ తెలిసిన విషయం, దాన్ని సూ షీ అంటారు (సుషీతో కలిపేయకండి, కొంప మునుగుతుంది), చాలా హోటళ్ల బోర్డు మీద మన స్వస్తిక్ గుర్తు కూడా కనిపిస్తుంది. బఫేలో కావలసినవి ప్లేటులో వేసుకుంటే తూకం వేసి డబ్బు తీసుకుంటారు. థాయ్‌లాండ్‌లో అయితే పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో "జే" అని రాసి ఉన్న బండి వెతకండి, అందులో మాంసం, గుడ్డు, వెల్లుల్లి ఏవీ ఉండవు.

ప్రశ్న: నింటెండో వాళ్ల గేమ్ మెషీన్ స్విచ్ 2 జపాన్‌లో చాలా చవక అని విన్నాను. మా బావ వెళ్తున్నాడు, తెమ్మననా?

జవాబు: వద్దు. 2025 జూన్ 5న వచ్చినప్పుడు జపాన్‌లో రెండు రకాలు పెట్టారు. 49,980 యెన్‌లది జపనీస్ భాషలో మాత్రమే నడుస్తుంది, జపాన్ దేశంగా పెట్టుకున్న అకౌంట్‌తో తప్ప కలవదు. అన్ని భాషలదీ 69,980 యెన్. ఆ ఇరవై వేల యెన్‌ల తేడాయే మీరు విన్న చవక. ప్లేస్టేషన్ 5 కూడా 2025 నవంబర్‌లో జపనీస్ భాషకి మాత్రమే పరిమితమైనది 55,000 యెన్‌లకి వచ్చింది, అదీ ఇంతే. బావగారిని టోక్యోలోని అకిహబరా బజారులో సూపర్ ఫామికామ్ అనే పాత నింటెండో మెషీన్ క్యాసెట్లు తెమ్మనండి, అల్మరాలో పెట్టుకుని చూసుకోవడానికైనా బాగుంటాయి.

ప్రశ్న: మా వారికి నలభై దాటినా నింటెండో పిచ్చి పోలేదు. క్యోటో ట్రిప్‌లో ఒక రోజంతా నింటెండో మ్యూజియంకి రాసేశారు. నాకు మారియో అంటే మీసాలాయన అని తప్ప ఏమీ తెలియదు. నేను ఆ రోజు ఏం చేయాలి, ముఖ్యంగా ఏం తినాలి?

జవాబు: మీ వారు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ మిమ్మల్ని జపాన్‌లోకెల్లా మంచి టీ దొరికే ఊరికి తీసుకెళ్తున్నారు. ఆ మ్యూజియం క్యోటో నగరంలో లేదు, ఉజిలో ఉంది. మాచాకి, అంటే పొడి చేసిన గ్రీన్ టీకి, ఉజి ఎలాంటిదో చెప్పాలంటే, అక్కడ టీ కాని వస్తువు వెతకడం కష్టం. టీ నూడుల్స్, టీ ఐస్‌క్రీమ్, టీ ఉండలు, వీధంతా పచ్చగా ఉంటుంది.

ముందు టికెట్ల సంగతి ఆయనకి చెప్పండి. 2024 అక్టోబర్ 2న తెరిచిన ఆ మ్యూజియంకి నేరుగా వెళ్లి గేటు దగ్గర కొనే పద్ధతి లేదు, మూడు నెలల ముందు లాటరీకి పేరు ఇవ్వాలి, తగిలితే కొనాలి. పెద్దవాళ్లకి 3,300 యెన్. మంగళవారాలు సెలవు. లోపలికి వెళ్లినవాళ్లకి కార్డులో పది కాయిన్లు వేసి ఇస్తారు, ఒక్కో ఆటకి ఇన్ని అని ఖర్చవుతాయి, అన్నీ ఆడటానికి అవి చాలవు. అంటే మీ వారు లోపల నలభై ఏళ్ల పిల్లాడిలా ఏది ఆడాలా అని తల పట్టుకుని నిలబడతారు. ఆ కట్టడం పాత నింటెండో ఫ్యాక్టరీయే, పేకలు, హనఫుదా కార్డులు అక్కడ తయారయ్యేవి. 1889లో ఆ కంపెనీ పుట్టింది వీడియో గేమ్‌లతో కాదు, ఈ పూల బొమ్మల పేకలతో. ఆ ముక్క చెప్తే మీకు ఎంత తెలుసో చూసి ఆయన బిత్తరపోతారు.

మీరు ఆయన్ని గేటు దగ్గర వదిలేసి జేఆర్ ఓగురా స్టేషన్‌లో రైలెక్కండి, పక్క స్టేషనే ఉజి. దిగి నది వైపు నడిస్తే బ్యోదోయిన్ గుడి. పర్సులోంచి పది యెన్‌ల నాణెం తీసి చూడండి, దాని మీద ఉన్నది ఆ గుడే, 1053లో కట్టిన ఫీనిక్స్ మండపం. ఆయనకి పది కాయిన్లు, మీకు పది యెన్‌ల కాయిన్. గుడికి వెళ్లే దారంతా టీ కొట్లు. మాచా ఆకుని కోయడానికి మూడు వారాల ముందునుంచి ఎండ తగలకుండా పైన కప్పు వేసి పెంచుతారు, అందుకే ఆ ముదురు ఆకుపచ్చ, ఆ కమ్మదనం. తర్వాత రాతి తిరగలిలో విసురుతారు, గంటసేపు తిరిగితే రాలేది నలభై గ్రాములు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కప్పు ధర చూసి మీరు ఉలిక్కిపడకూడదని. చిక్కటి టీ కావాలంటే కొయిచా అడగండి, పులుసులా ఉంటుంది, మొదటి గుక్కకి మొహం ముడుచుకుపోతుంది, మూడో గుక్కకి అలవాటవుతుంది. భయమైతే పలచటి ఉసుచాతో మొదలుపెట్టండి. టీకి ముందు ఇచ్చే తీపి ముందే తినేయాలి, అదే పద్ధతి, ఆ తర్వాత చేదు ఎంత బాగుంటుందో మీకే తెలుస్తుంది.

మ్యూజియంలో బర్గర్లమ్మే హోటల్ ఒకటి ఉంది, మీ వారికి మధ్యాహ్నం అది చాలు. సాయంత్రం ఆయన వచ్చి కాయిన్లు అయిపోయాయని వాపోతుంటే అప్పుడు టీ ఇప్పించండి.

ప్రశ్న: మా అబ్బాయి సియోల్‌లో చదువుకుంటున్నాడు. రాత్రి ఫోన్ చేస్తే "పీసీ బాంగ్‌లో ఉన్నా నాన్నా, భోంచేస్తున్నా" అంటాడు. అదేం చోటు? నేను టెన్షన్ పడాలా?

జవాబు: పడక్కర్లేదండీ. బాంగ్ అంటే గది, పీసీ బాంగ్ అంటే గంటకింత అని కట్టి కంప్యూటర్ మీద ఆడుకునే చోటు. 1997 ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగాలు పోయినవాళ్లు చాలామంది ఇలాంటివి తెరిచారు, 1998 మార్చి 31న స్టార్‌క్రాఫ్ట్ అనే గేమ్ వచ్చింది, కుర్రాళ్లు నిండిపోయారు, అక్కడినుంచి కొరియాలో గేమ్ ఆడటమే ఒక ఉద్యోగమైంది. ఒక రిలీజ్ తేదీ ఒక దేశాన్ని ఇలా పట్టేయడం నాకు తెలిసి చాలా అరుదు.

భోజనం మాట కూడా నిజమే. కూర్చున్న చోటునుంచే స్క్రీన్ మీద నొక్కితే గుడ్డు వేసిన వేడి రామ్యోన్ నూడుల్స్, వేయించిన అన్నం, డంప్లింగ్స్ టేబుల్ దగ్గరికి తెచ్చిస్తారు. నేను తిన్నాను, హోటళ్లలో తిన్న కొన్నింటికంటే బాగుంది. కాకపోతే ఎడమ చేత్తో ఆడుతూ కుడి చేత్తో తింటే ఆట పోతుంది, నూడుల్స్ ఉబ్బిపోతాయి, రెండూ చెడతాయి.

రోజూ అక్కడే తింటున్నాడంటే మాత్రం ఒక్కసారి గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌కి వెళ్లమనండి, 1905 నుంచి నడుస్తున్న సంత. బిందేతోక్ అని అట్టు వేస్తారు. పొట్టు తీసిన పెసరపప్పు నానబోసి, తిరగలిలో రుబ్బి, బాగా నూనె పోసి మందంగా వేయించేది. పెసరట్టుకి కొరియాలో స్థిరపడిపోయిన పెదనాన్న కొడుకు అనుకోండి. తేడా ఏమిటంటే మొలకలు, కిమ్చీ, చాలాచోట్ల పంది మాంసం కూడా కలుపుతారు, అల్లం చట్నీ బదులు ఉల్లిపాయ నానేసిన సోయా సాస్ ఇస్తారు. ఇంటి మీద బెంగగా ఉందని మీతో ఎప్పుడైనా అన్నాడా? అయితే అదే మందు.

ప్రశ్న: గేమ్‌లో చూసిన ఊళ్లకి వెళ్తే నిరాశ పడతామా? బ్లాక్ మిత్ వుకాంగ్ అనే గేమ్ ఆడాక చైనా వెళ్లాలనిపిస్తోంది.

జవాబు: గేమ్‌లో కోతి దేవుడున్నాడు, ఊళ్లో ఉండడు. అంతవరకు నిరాశే. 2024 ఆగస్టు 20న వచ్చిన ఆ గేమ్ కోసం చైనాలో 36 చోట్ల గుళ్లు, గుహలు, విగ్రహాలు స్కాన్ చేశారు, అందులో 27 ఒక్క షాంషి రాష్ట్రంలోనే. దాతోంగ్ దగ్గరి యున్‌గాంగ్ గుహలు అందులోవే. షాంషి వెళ్లారంటే దావ్‌షావ్ మియెన్ అనే నూడుల్స్ తప్పదు, వంటవాడు పిండి ముద్దని ముంజేతి మీద ఆనించుకుని కత్తితో చెక్కుతుంటే పేళ్లు నేరుగా మరిగే నీళ్లలో ఎగిరిపడతాయి. గేమ్‌లో బాస్‌ని, అంటే పెద్ద శత్రువుని, కొట్టడం కంటే చూడటానికి అదే బాగుంటుంది. ఆ నాటు వెనిగర్ మాత్రం ధైర్యంగా పోసుకోండి, ఏళ్ల తరబడి మాగబెట్టింది, మన పాత చింతకాయ పచ్చడి వరస.

ఊరికీ గేమ్‌కీ బంధం ఎంతదాకా పోతుందో చూడాలంటే జపాన్‌లోని సుషిమా దీవి చూడాలి. ఆ దీవి మీద తీసిన గేమ్ ఘోస్ట్ ఆఫ్ సుషిమా 2020 జులై 17న వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో తుఫానుకి వతత్సుమి అనే గుడి తోరణం కూలితే తిరిగి నిలబెట్టడానికి దేశదేశాల్లో ఆ గేమ్ ఆడినవాళ్లు చందాలు వేశారు, అడిగినదానికి అయిదు రెట్లు వచ్చింది. ఆ మరుసటి ఏడాది గేమ్ దర్శకులిద్దరినీ ఆ ఊరివాళ్లు తమ టూరిజం రాయబారుల్ని చేసుకున్నారు. అక్కడ సముద్రపు పాము చేప, అనగో, బాగా దొరుకుతుంది. గేమ్‌లో హీరో వెదురు నరుకుతాడు, వేడినీళ్ల గుంటల్లో కూర్చుంటాడు, కవిత్వం చెప్తాడు గానీ పాపం అనగో తిన్న పాపాన పోలేదు.

ప్రశ్న: పిజ్జాలో ఒక ముక్క తీస్తే ప్యాక్‌మ్యాన్ పుట్టాడంటారు, నిజమేనా?

జవాబు: సగం నిజమని ఆ గేమ్ సృష్టికర్త ఇవతాని గారే అన్నారు. మిగతా సగం జపనీస్‌లో నోరు అనే అక్షరం, అది చదరంగా ఉంటుంది, దాన్ని గుండ్రం చేశారు. పేరు మాత్రం పూర్తిగా తిండిదే. మనం గబగబా, గుటుక్కున అన్నట్టు జపాన్‌వాళ్లు పకు పకు అంటారు, అందులోంచి 1980లో వచ్చాడు ఈయన.

ప్రశ్న: ఆడుతుంటే మీకు బాగా ఆకలేసిన గేమ్ ఏది?

జవాబు: వెన్బా. 2023 జులై 31న వచ్చింది, గంటన్నరలో అయిపోతుంది. కెనడా వెళ్లిన తమిళ కుటుంబం కథ. అమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం చిరిగిపోయి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, మిగిలినవి చూసి ఊహించి వండాలి. మొదటిదే ఇడ్లీ. రేకులు ఏ వరసలో పేర్చాలో నాకు మొదటిసారి తప్పింది, రెండోసారీ తప్పింది, పక్కన కూర్చుని చూస్తున్న మా అమ్మ "ఇన్నేళ్లు తిన్నావు, ఒక్కరోజు పొయ్యి దగ్గరికొచ్చి చూశావా" అంది. గేమ్‌లో అంత దెబ్బ నన్ను ఏ బాసూ కొట్టలేదు.

ప్రశ్న: రిలీజ్ వారంలోనే నాకు పరీక్షలు. గేమ్ కంపెనీలకి విద్యార్థుల మీద దయ లేదా?

జవాబు: ఒకప్పుడు ఒకరికి కలిగింది తమ్ముడూ. 1988 ఫిబ్రవరి 10 బుధవారం జపాన్‌లో డ్రాగన్ క్వెస్ట్ 3 వదిలితే పిల్లలు బడి ఎగ్గొట్టి క్యూల్లో నిలబడ్డారు, పోలీసులు పట్టుకుని మందలించారు. తర్వాతిది 1990 ఫిబ్రవరి 11న, ఆదివారం, వదిలారు. దీనికి చట్టం చేశారని చెప్పుకుంటారు, అది పుకారే. నీ కోసం ఎవరూ తేదీ మార్చరు, పరీక్ష రాసి రా. అప్పటికి మొదటి ప్యాచ్ కూడా వచ్చేస్తుంది.

ప్రశ్న: మీ మీద ఫిర్యాదు. వీధి తిండి చేతికొచ్చిన క్షణంలోనే తినాలని పోయిన నెల రాశారు. నేను తైపేలో రావ్‌హ నైట్ మార్కెట్‌కి వెళ్లి, గుడి పక్కన ఉండే ఆ మిరియాల బన్ను కోసం నలభై నిమిషాలు క్యూలో నిలబడి, చేతిలో పెట్టగానే మీ మాట తలుచుకుని కొరికాను. లోపలి రసం చిమ్మి నాలుక, పైపెదవి కాలాయి. రెండు రోజులు పెరుగన్నమే తిన్నాను. దీనికి మీ సమాధానం?

జవాబు: తందూరి పొయ్యి లాంటి దాని లోపలి గోడకి అంటించి కాల్చే బన్ను అది. లోపల పంది మాంసం, ఉల్లికాడలు, మిరియాలు, కొవ్వు కరిగిన రసం, ఇవన్నీ బయటికి దారి లేక సలసల కాగుతుంటాయి. ముందు ఒక మూల చిన్నగా కొరికి, ఆవిరి పోనిచ్చి, రెండు నిమిషాలు ఊది తినాలి. నేనూ మొదటిసారి మీలాగే కాల్చుకున్నాను, ఆ సంగతి రాయడం మరిచిపోయాను. తప్పు నాదే, క్షమించండి. పెరుగు అక్కడ ఎక్కడ దొరికిందో మాత్రం రాయండి, నాకు ఆ రోజు దొరకలేదు.